అంచుదాకా పోసిన కాఫీ

మంగళవారం వచ్చిందంటే కువైట్‌లోని రిగ్గైలో యజమానురాలు బద్రియా మామా ఇంటి ముందు పొడుగాటి అమెరికా కార్లు బారులు తీరేవి. కాఫీకొచ్చి దిగిన అరబ్బు దొరసానులకు సాంబ్రాణి పొగ గుమ్మంలోనే ఎదురొచ్చేది. మామా ఏనాడూ కాఫీ కూజా ముట్టి ఎరుగదు. పోసేది పనిమనిషి గంగులమ్మే.

కడప నుంచి వచ్చిన కొత్తలో గంగులమ్మ, ఒక షేకు భార్యకు ఫింజాన్ నిండా కాఫీ పోసింది. కొసరి పోయడమే మర్యాద అనుకుంది. ఆవిడ మొహం మాడ్చుకుని లేచి వెళ్లిపోయింది. మామా కోప్పడలేదు. పిడి లేని ఆ చిన్న కప్పులో పావు వంతే పోయాలనీ, ఖాళీ అయిన కొద్దీ మళ్లీ పోయాలనీ, చాలనుకున్నవాళ్లు కప్పు ఊపుతారనీ నేర్పింది. నిండుగా పోస్తే, తాగి వెళ్లమని చెప్పినట్టట.

ఆగస్టులో ఇరాక్ సైన్యం వచ్చిపడింది. కార్లు పోయాయి, చుట్టాలు సౌదీకి పోయారు. రాయచోటి వంటమనిషి బిస్మిల్లా బీ కూడా మూట కట్టింది.

"ఆయమ్మకు నీళ్లు కాంచుకునేదానికి గూడా రాదు గంగులక్కా. ఈడుంటే నువ్వూ పస్తే" అని ఎగతాళి చేసి, ఊరు చేరడానికి బాగ్దాద్ మీదుగా పోయే బస్సెక్కింది.

గంగులమ్మ ఉండిపోయింది. నెల తిరక్కుండానే మామా పిండి పిసకడం నేర్చి, వీధిలోని ముసలివాళ్లకు రొట్టెలు తానే మోసుకెళ్లేది. నడకలో మాత్రం మంగళవారాల నాటి ఠీవి తగ్గలేదు. సైనికులు వెతుకుతున్న మామా తమ్ముడు మిద్దె మీద గదిలో దాక్కున్నాడు.

ఒక ఉదయం తల నెరిసిన ఇరాకీ అధికారి ముగ్గురు సైనికులతో వచ్చి హాల్లో కూర్చున్నాడు. ఇల్లు తన మనుషులకు కావాలనీ, గదులన్నీ ఇప్పుడే చూస్తామనీ అన్నాడు. గంగులమ్మ కన్నా ముందే మామా కూజా అందుకుంది. ఫింజాన్ అంచుదాకా పోసి, చుక్క తొణక్కుండా అతని చేతికిచ్చింది.

అతను నిండు కప్పు వంక చూశాడు.

"మా అమ్మ కూడా ఇలాగే పోసేది, గిట్టనివాళ్లకు."

"అయితే ఆమె పెంపకం మీకు గుర్తుండే ఉంటుంది" అంది మామా.

అతను తాగి, కప్పు పెట్టి లేచాడు. వేరే ఇల్లు చూద్దామని సైనికులను వెంటబెట్టుకుని వెళ్లిపోయాడు.

మామా గడియ వేసి, షేకు భార్య కూర్చున్న సోఫాలోనే గంగులమ్మను కూర్చోబెట్టి, తాను నిలబడి కాఫీ పోసింది. పావు కప్పు. తాగగానే మళ్లీ పావు కప్పు.

"కప్పు ఊపు గంగూ, కాళ్లు లాగుతున్నాయి" అంది నాలుగోసారి.

"ఇంగ రోంత పోయ్ మామా" అంది గంగులమ్మ.