పసుపెక్కిన సున్నా

పదిహేను నిమిషాలంటే ఏపాటి, ఇన్ని నీళ్లు మరగబెట్టుకునేపాటి, అయినా ఇవాళ గడియారానికి కాళ్లు పడిపోయినట్టున్నాయి, ప్లేటు సొరుగులో పెట్టి మూసినప్పటి నుంచి ఆమె నాలుగుసార్లు గోడవైపు చూసింది, నాలుగుసార్లూ ముల్లు అక్కడక్కడే తచ్చాడుతోంది, వెలుతురు తగిలితే రంగు చెడుతుంది, మధ్యలో తెరవకూడదు అని ఈ ల్యాబ్‌లో చేరిన ప్రతివాళ్లకీ పదకొండేళ్లుగా చెబుతున్నది తనే, ఇప్పుడు సొరుగు పిడి వదల్లేక నిలబడిందీ తనే, లోపల తొంభై ఆరు గుంటల ప్లేటు, చిటికెనవేలి గోరంతేసి గుంటలు, ఇవాళ నిండినవి ఆరే, అందులో రెండు చెల్లెలి రక్తానివి, రెండంతస్తుల పైన వార్డులో మొహం ఉబ్బి కూర్చుని, ఏమంటున్నాయే అక్కా నీ గుంటలు, అని పొద్దుటి నుంచి రెండుసార్లు ఫోను చేసిన చెల్లెలివి, జబ్బు మనిషికి అంత వేళాకోళం ఎక్కడి నుంచి వస్తుందో, అసలు చేసిందే తప్పు పని, గుంటల్లో పోస్తుండగా ఫోను తియ్యకూడదు, తీసింది, తీసి నవ్వింది కూడా.

నవ్వే రోజా ఇది, చెల్లెలి ఒళ్లు తన మీద తానే తిరగబడింది, కిడ్నీలు పాడవుతున్నాయి, స్టెరాయిడ్ పెద్ద మోతాదులో ఇవాళే మొదలుపెట్టాలి అన్నారు డాక్టరమ్మ, అంతటితో ఊరుకున్నా బాగుండును, చిన్నప్పుడు ఎక్కడ పెరిగారమ్మా అని అడిగారు, ఇటుకల బట్టీ దగ్గరండీ, నాకు నాలుగేళ్లొచ్చేదాకా, మా అక్కకి పదకొండు, అంది చెల్లెలు, అంతే, డాక్టరమ్మ రాస్తున్న కలం ఆగిపోయింది, అయితే ముందు పురుగు పరీక్ష కావాలి, అలాంటి తడిమట్టిలో ఒక పురుగుంటుంది, వెంట్రుక కన్నా సన్నం, వట్టి కాలి చర్మంలోంచి దూరి పేగుల్లో కాపురం పెడుతుంది, అక్కడే పిల్లల్ని కంటూ ముప్ఫై నలభై ఏళ్లయినా చడీచప్పుడూ లేకుండా ఉండిపోతుంది, ఒంటికి కాపలా గట్టిగా ఉన్నన్నాళ్లు భయం లేదు, ఈ మందు ఆ కాపలానే పడుకోబెడుతుంది, అప్పుడిక దానికి అడ్డెవరు, ఊపిరితిత్తులూ మెదడూ ఎక్కడబడితే అక్కడికి పాకి వారాల్లో మనిషిని తీసుకుపోతుంది, ఉంటే ముందు దాన్ని చంపే మాత్రలు, లేకపోతే ఇవాళే ఈ మందు, అయిదున్నర లోపల చెప్పండి, అంటూ ఆవిడ చూసింది చెల్లెలి వైపు కాదు, తన వైపు.

చెప్పాలి, చెప్పడమే తన ఉద్యోగం, ఎన్నేళ్లు చేసినా ఈ పని చేతికి పాతబడింది గానీ మనసుకి పాతబడలేదు, గుంట అడుగున పురుగు తాలూకు ముక్కలు కంటికి కనబడనంత పల్చగా అంటించి ఉంటాయి, దాని మీద మనిషి రక్తపు తేట ఓ చుక్క పోస్తే, ఆ రక్తం ఎప్పుడైనా ఆ పురుగుతో పోట్లాడి ఉంటే, దానికోసమని ఒళ్లు తయారుచేసి పెట్టుకున్న యాంటీబాడీలు వెళ్లి ఆ ముక్కల్ని పట్టుకుంటాయి, ఎన్నిసార్లు కడిగినా వదలవు, అప్పుడు రంగు, పోట్లాడని రక్తం కడిగితే కొట్టుకుపోతుంది, రంగు లేదు, వేరే పురుగు పరీక్షకొచ్చి మా ఒంట్లో పురుగులేంటండీ అని విసుక్కున్న రిటైర్డు హెడ్మాస్టరు రక్తం కూడా ఆయన్ని అడక్కుండానే నిజం చెప్పేసింది, రక్తం బడికి పోలేదు గానీ అన్నీ రాసిపెట్టుకుంటుంది అంటాడు ల్యాబ్ పెద్దాయన, ఆయనకి చాదస్తం మాస్టారని పేరు, పోల్చి చూడ్డానికి కిట్టుతో వచ్చే జబ్బులేని మంచి రక్తం చాలదని ప్రతి ప్లేటులోనూ మన సొంత మంచి రక్తం ఒకటి పక్కన ఉండాలంటాడు, ఆ మంచి రక్తం ఎవరిదయ్యా అంటే ఆమెదే, చేరిన కొత్తలో ఉన్న పురుగు పరీక్షలన్నిటిలోనూ చుక్క రంగు రాలేదని అప్పట్నుంచి ఆమెదే వాడుతున్నారు, ఏమ్మా సున్నా, ఓ సీసాడు ఇచ్చిపో, అని ఏడాదికోసారి పిలుపు, పెళ్లిలో కూడా ల్యాబ్ వాళ్లు సున్నా అనే పిలిచారు, అత్తగారు ఇదేం పేరమ్మా అని బిత్తరపోయింది, ఆమెకి మాత్రం లోలోపల గర్వమే, ఊరందరి రోగాన్నీ కొలిచేది తనలో ఏమీ లేకపోవడంతోనే కదా, ఈ పురుగు కిట్టు మాత్రం కొత్తది, ఇదివరకు ఈ ల్యాబ్‌లో దీనికి పరీక్షే లేదు, పోయిన వారం వచ్చింది, సీలు విప్పింది ఇవాళే.

బెల్లు మోగింది, సొరుగు లాగింది, మొదటి గుంట కిట్టుతో వచ్చిన పురుగున్నవాళ్ల రక్తం, ముదురు నీలం, సరే, రెండోది కిట్టు మంచి రక్తం, నీళ్లలా ఉంది, సరే, మూడూ నాలుగూ చెల్లెలివి, నీళ్లే, నీళ్లే, అమ్మయ్య అనబోయిన నోరు సగంలో ఆగింది, అయిదూ ఆరూ నీలం, అవెవరివి, అవి సున్నావి, తనవి, ఆపే ఆసిడ్ చుక్క వెయ్యగానే నీలమల్లా చిక్కటి పసుపుగా మారి గుంటలోంచి తననే చూస్తోంది, తనకెందుకుంటుంది, తను సున్నా, అంటే మారిపోయాయి, ఫోను మాట్లాడుతూ చెల్లెలిది తన గుంటల్లో, తనది చెల్లెలి గుంటల్లో పోసేసింది, రెండు సీసాలూ ఒకే ఎత్తు, రెండింటి మీదా తన రాతే, అంటే ఆ పసుపు చెల్లెలిది, ఈ ప్లేటు చూసి లేదని చెప్పి ఉంటే, డాక్టరమ్మ మందు ఎక్కించి ఉంటే, దేవుడా, తన చేత్తో తనే.

చాదస్తం మాస్టారి గదికి పరిగెత్తి ఎలా చెప్పిందో ఆమెకే గుర్తులేదు, ఆయన కళ్లద్దాలు తుడుచుకుని, కూర్చోమ్మా, కంగారులో కుడిచెయ్యీ ఎడమచెయ్యీ కూడా మారిపోతాయి, అన్నాడు, నువ్వు దేన్నీ ముట్టుకోకు, మీ ఇద్దరిదీ మళ్లీ కొత్తగా తీయిస్తాను, నేనే పోస్తాను, మూడేసి గుంటలు, టైం సరిపోతుందాండీ అంటే, సరిపోవాలి, అన్నాడు, పోసేటప్పుడు ఆయన పెదాలు కదులుతున్నాయి, చెల్లెలు ఒకటి, చెల్లెలు రెండు, చెల్లెలు మూడు, ఆ చాదస్తాన్ని చూసి ఎన్నిసార్లు నవ్వుకుందో, ఇవాళ ఆ గొణుగుడుకి దణ్ణం పెట్టాలనిపించింది, కడగడం, ఆగడం, కడగడం, ఆగడం, పైనుంచి ఫోను మళ్లీ మోగింది, తియ్యలేదు.

అయిదుంబావుకి రంగు కొలిచే యంత్రం కాగితం కక్కింది, ఆయన రెండుసార్లు చదివి, మూడోసారి వేలు పెట్టి చదివి, నువ్వేం మార్చలేదమ్మా, అన్నాడు, మీ చెల్లికి లేదు, మూడింటిలోనూ లేదు, పైకి చెప్పెయ్, ఉన్నది నీకు, ఆమె డాక్టరమ్మకి చెప్పింది, గొంతు మామూలుగానే వచ్చింది, సరేనమ్మా ఇప్పుడే మొదలుపెడుతున్నాం అన్న మాట విని ఫోను పెట్టేశాక ఏడుపూ నవ్వూ రెండూ ఒకేసారి తన్నుకొచ్చాయి, చెల్లి బతుకుతుంది, చాలు, మాస్టారు మంచినీళ్లు అందించి, వచ్చి పోయిందో ఇంకా ఉందో యాంటీబాడీ చెప్పదు గానీ, ఇది మందు పడకుండా తనంతట తాను పోయే రకం కాదు, మాత్రలు వేసుకో, పోతుంది, ఇన్నాళ్లూ నీకెవరూ స్టెరాయిడ్ ఇవ్వకపోవడం నీ అదృష్టం, అన్నాడు, రేపట్నుంచి నాకు ఇంకో సున్నా కావాలి, అని కూడా అన్నాడు, ఆమెకి భయం వెయ్యాలి, వెయ్యలేదు, ఒళ్లంతా గగుర్పొడిచింది, బట్టీ వదిలి ఇరవై ఆరేళ్లు, చదువు, పెళ్లి, కాన్పు, ఈ తెల్లకోటు, ఇన్నిటి కిందా ఒక తడి మన్నూ, దాని మీద ఒక పిల్ల వట్టి కాళ్లూ, తను పూర్తిగా మరిచిపోయినవి, తనలో అణా పైసా చెరగకుండా ఉన్నాయన్నమాట, ఎంత ఒళ్లమ్మా ఇది, ఎంతెంత దాచుకుంటుంది.

కానీ ఇదేం విడ్డూరం, ఒకే బట్టీ, ఒకే మన్ను, ఒకే అమ్మ, తనకుండి చెల్లెలికి లేకపోవడమేమిటి, నాలుగేళ్లు పెరిగింది కదా అదీ అక్కడే, మళ్లీ ప్లేటు మీద అనుమానం రాబోయి, వార్డులో చెల్లెలి పక్కనున్న అమ్మకి ఫోను చేసింది, అమ్మా, చెల్లి ఆ మట్టిలో ఆడేది కాదా, అమ్మకి ప్రశ్నే అర్థం కాలేదు, ఆడటమేంటే, నువ్వు దింపితే కదా, పాకలో ఉంటే మంచం మీద, బయటికొస్తే నీ చంకన, మన్ను కొరుకుతోందే అని ఏడ్చేదానివి, నీ కాళ్లకి దురదలు, పొక్కులు, నువ్వేమో దాని కాలు నేలకి ఆననిచ్చేదానివి కాదు, నడుం వంకరపోతుంది దించవే అని నేను తిడితే నా మీదకే లేచేదానివి, పక్కనుంచి చెల్లెలి గొంతు, అందుకే నాకు నడక ఆలస్యంగా వచ్చిందని చెప్పమ్మా దానికి, సెలైన్ సూది చేతిలో ఉన్నా దెప్పడం మానలేదు, ఆమె ఫోను చెవి దగ్గరే ఉంచుకుని ప్లేటును కిటికీ వైపుకి ఎత్తిపట్టి చూసింది, ఇంతసేపూ పసుపెక్కిన తన గుంటల్నే చూసి ఆశ్చర్యపోతోంది, ఇప్పుడు చూపు పక్కనున్న చెల్లెలి మూడు గుంటల మీద నిలిచింది, తేటగా, ఖాళీగా, ఏమీ లేనట్టుగా ఉన్నాయి, ఏమీ లేకపోవడమంటే ఏమీ జరగకపోవడమని ఇన్నేళ్లూ అనుకుంది, కాదు, ఆ ఖాళీ ఊరికే రాలేదు, ఏడేళ్ల పిల్ల ఒకతి పదకొండేళ్లు వచ్చేదాకా, నడుం లాగేసినా, కాళ్లు మండినా, చంకలో బిడ్డని కిందికి దించలేదు.