ముడి తప్పిన చిలుక

పగలెల్ల చెదరని నీడను గర్భగుడిలో నిలిపిన పానగల్లు సోమేశ్వరా! పరుగులెత్తే మా మనసులను సైతం అట్లే నిలుపుమని నీ పాదాలకు మ్రొక్కి ఈ కథ చెబుతున్నాను.

పానగల్లు నేతగాడు పరమేశ్వర్‌కు ఆండాళు ఒక్కతే కూతురు. నల్లగొండ కాలేజీలో డిగ్రీ చివరి సంవత్సరం చదువుతున్నది. పరీక్షలకు ఇరవై దినాలే మిగిలాయి. తోటి విద్యార్థిని అజీజా బేగం ఇచ్చిన చిన్న ట్రాన్సిస్టర్ నెల రోజులుగా ఆండాళు తలగడ కింద కాపురమున్నది. చెవికి తీగ తగిలిస్తే ఇల్లంతా నిద్రించినా పాట నిద్రించదు. తెల్లవారి ఒకే పుట మూడుసార్లు చదివి, మూడుసార్లూ మరచేది.

తీరిక వేళల్లో తండ్రికి చిటికి పనిలో సాయపడడం ఆమెకు అలవాటు. రంగు అంటకూడని చోట నూలుకు బిగువుగా ముడులు కట్టి అద్దకంలో ముంచుతారు. ఆ నూలుతో నేసినప్పుడు ముడి ఉన్న చోట బొమ్మ తెల్లగా తేలుతుంది.

ఆ ఉదయం మగ్గం ఉన్నట్టుండి ఆగింది.

“బిడ్డా, జర గీ చిలుకను జూడు.”

ఆండాళు వంగి చూసింది. నేతలో తేలిన చిలుక బొమ్మకు ముక్కు వీపు మీద మొలిచింది.

“వీపుకు ఆకలైనట్టున్నది బాపూ!”

“నవ్వకు. గీ ముడులు ఎవలు గట్టిన్రు?”

“నేనే.”

“నిద్రల గట్టినవ్. కట్టిన్నాడు తప్పు కానరాదు బిడ్డా, నేసిన్నాడు కానొస్తది. గప్పటికే రంగు వట్టి ఉంటది.”

రాత్రంతా పాటలు విని చదివే తన చదువూ నిద్రలో కట్టిన ముడే కదా అనుకున్నది ఆండాళు. పరీక్ష నాడు తన ముక్కు ఎక్కడ మొలుస్తుందో! మిగిలిన నూలు తెచ్చింది. ట్రాన్సిస్టర్‌ను గుడ్డలో చుట్టి, వరుసగా చిటికి ముడులు బిగించి, కాలేజీలో అజీజా చేతిలో పెట్టింది.

“గీ మూటేందే? నా రేడియోకు పెండ్లి జేస్తున్నవా?”

“పెండ్లి గాదు, ఉపాసం. పరీక్షలయ్యేదాక నువ్వు గూడ ఇప్పకు. నా కండ్ల కింద నలుపు జూసినవా?”

“పాట ఇనకుంటే నీకు నిద్ర వడ్తదా?”

“పట్టకపోతే కండ్లు మూస్కొని పండుకుంట. లేవ.”

అన్నట్టే ఆండాళు రెండు రాత్రులు చెవులు పాటకై తహతహలాడినా పక్క దిగలేదు. మూడవ రాత్రి నిద్ర తానే వచ్చింది. మరునాడు చదివిన పుట మనసులో నిలిచింది. సాయంత్రాలు కొత్త నూలుకు లెక్క తప్పకుండా మళ్లీ ముడులు కట్టింది.

చివరి పరీక్ష తృప్తిగా రాసి వచ్చిన రోజున మగ్గం మీద చిలుక ముక్కు చక్కగా ముందుకే ఉన్నది. వెంట వచ్చిన అజీజా మూట తీసి చూపింది.

“ఒక్క ముడి ఇప్పలే సూడు! నాలుగుసార్లు గోరు వెట్టిన, గది వేరే ముచ్చట.”

పరమేశ్వర్ నవ్వి మగ్గం కదిలించాడు.

ఈ కథ విన్నవారందరికీ వేళకు నిదుర, వేకువకు తేటమనసు, పట్టిన పనిలో తప్పని ముడి ఆ సోమేశ్వరుడు అనుగ్రహించుగాక!