పరుపు ఎవరు పరవాలి

పాలకేంద్రం సెంటర్లో కరెంటు బండి మీద నుంచి ఎగిరిన భావన్నారాయణ ఇంకా కింద పడలేదు. రోడ్డుకు రెండు నిలువుల ఎత్తున, చేతులు చాచుకుని, బోర్లా గాల్లో ఉన్నాడు. ఒక చెప్పు కాలికే ఉంది. రెండోది కాలికి జానెడు దూరంలో ఆగింది. వీపు మీద కూరల సంచీ ఉంది, అందులో సాంబారు ఒలకలేదు. కింద రోడ్డు మీద ఆయన నీడ కూడా పడలేదు.

ఆయన భార్య నాంచారి పూటపూటా క్యారేజీ పట్టుకుని వస్తుంది. పూలకొట్టతను నిచ్చెన ఇస్తాడు. ఆమె నిచ్చెనెక్కి, అన్నం కలిపి ఆయన నోట్లో పెడుతుంది. కింద ఆటోలు హారన్లు కొడుతుంటాయి.

"ఉప్పు తక్కువైందే," అంటాడు భావన్నారాయణ.

"పడబోయే మనిషికి ఉప్పు పెట్టకూడదంట."

"ఎప్పుడు పడతానంట?"

"కనుక్కుంటున్నానయ్యా."

జరిగింది చెప్పుకుంటే చిన్నదే. భావన్నారాయణ కూరలు మోసే కంపెనీకి బండి తోలతాడు. కరెంటు బండికి చప్పుడుండదు, అందుకని అడ్డం వచ్చిన గేదెకు వినపడలేదు. ఆయన బ్రేకు పట్టుకున్నాడు. బ్రేకు కాసేపు ఆలోచించింది. ఈలోగా ముందుచక్రం పైపుల కోసం తవ్విన గుంతలో దిగింది, ఆయన పైకి లేచాడు. గేదె మాత్రం ఏమీ ఎరగనట్టు అవతలికి నడిచిపోయింది. ఈ వ్యవహారంలో నిజంగానే ఏమీ ఎరగనిది అదొక్కటే.

ఎస్సై వచ్చి తల పైకెత్తి చూస్తాడు.

"పడలేదు కదమ్మా. పడందే ప్రమాదమని ఎట్టా రాస్తాను? ఎవరి తప్పైతే వాళ్లు కింద పరుపు పరవాలి. పరిచారంటే మనిషి సుబ్బరంగా దిగుతాడు. రూలదే."

"ఎవరూ పరవకపోతేనండీ?"

"అట్టాగే ఉంటాడు. ఇబ్బందేముంది, నొప్పి లేదుగా?"

"మా ఇంట్లో పరుపుంది. నేనే తెచ్చి పరుస్తానయ్యా."

ఎస్సై జాలిగా చూస్తాడు. "నువ్వు పరిస్తే తప్పు మీదేనని ఒప్పుకున్నట్టు. సొంత తప్పుకు పరుపు పనిచెయ్యదు. ఉత్త తారు మీద పడ్డట్టే పడతాడు. ఆ పని మాత్రం చెయ్యబాక."

నాంచారి ఇంటికెళ్లి పరుపు వంక చూస్తుంది. దాన్ని గోడకు నిలబెట్టి, తను చాప మీద పడుకుంటుంది. ఒక్కళ్లు, ఒక్కరంటే ఒక్కరు, తప్పు నాదమ్మా అంటే చాలు, మొగుడు దిగొస్తాడు. నోటిమాటతో పోయేదానికి మనుషులు ఇంత పీనాసితనం చేస్తారని ఆమె అనుకోదు. కొత్త కదా.

బండిని స్టేషనుకు తోసుకుపోతే రైటరు లోపలికి రానివ్వడు.

"దీనికి నంబరు లేదు. లైసెన్సు అక్కర్లేదు. ఇన్సూరెన్సు లేదు. ఇంత మెల్లగా పోయేది చట్టం లెక్కలో బండే కాదు."

"బండి కాకపోతే మా ఆయన దేనిమీంచి ఎగిరాడండీ?"

"మంచి ప్రశ్న," అని రైటరు మెచ్చుకుంటాడు. మెచ్చుకుని బండిని బందెలదొడ్డికి తోలిస్తాడు. ఊళ్లో తిరుగుబోతు గొడ్లను కట్టేసే దొడ్డి అది. అక్కడ దాన్ని ఆ గేదె పక్కనే గుంజకు కట్టేస్తారు. పచ్చగడ్డి వేస్తారు, కుడితి పెడతారు. నాంచారి చూడబోతే బండి డొక్కలు లోపలికి పోయి, హ్యాండిలు వాల్చేసుకుని ఉంటుంది. గేదె దాని సీటు నాకుతూ ఉంటుంది.

నాంచారి కోర్టులో కేసు వేస్తే, పిలిచిన వాళ్లందరూ విచారణకు సెంటరుకే వస్తారు. ప్లీడరు సాంబమూర్తి నాంచారి తరఫున నిలబడతాడు. మంచివాడే. ఓపిక పట్టమ్మా అనే మాట తప్ప ఇంకే మాటా ఖర్చుపెట్టడు.

ముందు షోరూం ఓనరు కంటికి చెయ్యి అడ్డం పెట్టుకుని పైకి చూస్తాడు. "మాది మెల్లగా పోయే బండి. మెల్లగా పోయే బండికి మెల్లగా పట్టే బ్రేకే ఇస్తాం. స్పీడు పెరగకుండా మేం వేసిన తాళం ఊడబీకిందెవరో వాళ్లనడగండి."

"ఊడబీకమంటే ఊడబీకా," అంటాడు మెకానిక్కు. "ఆయనొచ్చి కాళ్లావేళ్లా పడ్డాడు. అరగంటలో అన్నం చేర్చకపోతే పని పోతుందన్నాడు. అరగంటని చెప్పిందెవరు? నేనా?"

కూరల కంపెనీ అమ్మాయి నవ్వుతూ వస్తుంది. నవ్వు ఆమె ముఖానికి అతికించినట్టుంది, మాట్లాడుతున్నా చెదరదు. "సార్ మా ఉద్యోగి కాదండీ. మా భాగస్వామి."

నాంచారి ప్రాణం లేచొస్తుంది. "అయితే పరుపులో భాగం ఇవ్వండమ్మా."

"భాగస్వామికి మేం పరవమండీ. లెక్క ప్రకారం ఆయనే మాకు సగం పరవాలి. పెద్దమనసుతో వదిలేస్తున్నాం."

అదే సమయంలో భావన్నారాయణ జేబులో ఫోను మోగుతుంది. ఆర్డరు ఆలస్యమవుతోందట. ఆయన గాల్లోంచే, "వస్తున్నానండీ, దగ్గర్లోనే ఉన్నా," అంటాడు. అలవాటు.

మున్సిపాలిటీ ఇంజనీరు గుంత చుట్టూ తిరిగి చూస్తాడు. "రోడ్డు మాది. గుంత నీళ్ల శాఖది. పోనీ ఈయన గుంతలో పడ్డాడా అంటే లేదు. గాల్లో ఉన్నాడు. గాలి మాది కాదు." ఇలా అని, గుంతను నాలుగు అంచులూ పట్టి జాగ్రత్తగా దులిపి, దుప్పటిలా మడిచి జీపులో పెట్టుకుని పోతాడు. గుంత ఉన్నచోట రోడ్డు నున్నగా మెరుస్తుంది. ఇంత నున్నటి రోడ్డు మీద మనిషి ఎలా ఎగురుతాడని పక్కనున్నవాళ్లు అనుమానిస్తారు.

"ఓపిక పట్టమ్మా," అంటాడు సాంబమూర్తి.

నాంచారి ఓపిక పడుతుంది. ఇంకా ఏం పట్టాలో ఎవరైనా చెబితే అదీ పడుతుంది. అందరికీ నోళ్లున్నాయి, ఒక్కరికీ తప్పు లేదు. మరి ఈయనేమన్నా సరదాకి ఎక్కాడా పైకి?

ఊరు అలవాటు పడిపోతుంది. ఎవరో నాయకుడి పుట్టినరోజుకు సెంటర్లో ఫ్లెక్సీ కడతారు. భావన్నారాయణ కాళ్లు నాయకుడి ముఖానికి అడ్డం వస్తున్నాయని కుర్రాళ్లు వచ్చి మర్యాదగా అడుగుతారు. ఆయన మోకాళ్లు ముడుచుకుంటాడు. పుట్టినరోజు అయిపోతుంది కానీ ఫ్లెక్సీ విప్పేవాడు లేడు. ఆయన ముడుచుకునే ఉంటాడు.

వినాయకుడి ఊరేగింపు వస్తుంది. ఈసారి విగ్రహం మరీ పెద్దది. దారిలో కరెంటు తీగలు అడ్డొచ్చిన చోటల్లా పంగలకర్రతో పైకెత్తి పట్టుకుని, కిందనుంచి విగ్రహాన్ని దాటిస్తున్నారు. సెంటర్లో అడ్డం వచ్చేది తీగ కాదు, భావన్నారాయణ. పంగలకర్ర ఆయన నడుముకు ఆనించి ఎత్తుతారు.

"కొంచెం పైకి బాబాయ్, కొంచెం. ఆ, చాలు, చాలు!"

విగ్రహం దాటుతుంది. మేళం దాటుతుంది. కర్ర తీసేసినా ఆయన మాత్రం మళ్లీ కిందికి రాడు. తీగలకు పైన, వేపకొమ్మలంత ఎత్తున ఉండిపోతాడు. ఎంత ఎత్తారో అంత ఎత్తు ఆయనకు శాశ్వతమైపోయింది.

ఇప్పుడు నిచ్చెన అందదు. నాంచారి అన్నం ముద్దలు చేసి పైకి విసురుతుంది. ఆయన నోరు తెరిచి పట్టుకోవాలని చూస్తాడు. కొన్ని ముద్దలు నుదుటికి తగులుతాయి, ఎక్కువ ముద్దలు కాకుల పాలవుతాయి. ఆయన చొక్కా వదులై రెపరెపలాడుతోంది. మొగుడు కళ్లముందే ఎండిపోతుంటే విసరడం సరిగ్గా రాని తన చేతిని నాంచారి తిట్టుకుంటుంది. ఆ ఊళ్లో తనను తాను తిట్టుకునేది ఆమె ఒక్కతే.

తీర్పు వస్తుంది. తిలాపాపం తలా పిడికెడు అన్నట్టు తప్పును కోర్టు అందరికీ పంచుతుంది. ఎవరి తప్పు ఎంతో పరుపులో వాళ్ల వాటా అంత. కాళ్ల భాగం మున్సిపాలిటీ, నడుము షోరూము, వీపు కంపెనీ, భుజాల కింద కాస్త మెకానిక్కు. నాంచారి చేతులు జోడిస్తుంది. కళ్లు తుడుచుకుని, మిగిలింది కూడా వింటుంది.

తలభాగం భావన్నారాయణ సొంత వాటా. హెల్మెట్టు లేదు కనుక, స్పీడు తాళం తీయమన్నది ఆయనే కనుక.

"అయ్యా, అది బండి కాదన్నారుగా," అంటాడు సాంబమూర్తి. ఓపిక కాక ఇంకో మాట ఆయన నోట వినడం నాంచారికి ఇదే మొదలు. "బండి కానిదానికి హెల్మెట్టేమిటండీ?"

"బండి బండి కాకపోవచ్చు," అంటారు జడ్జీగారు. "తల తలేగా."

ఒక మధ్యాహ్నం పరుపు పరుస్తారు. మున్సిపాలిటీవాళ్లు పాత దిండొకటి చించి దూది తెస్తారు. షోరూం ఓనరు గలేబు తెస్తాడు, దానిమీద ఆయన ఫోను నంబరు అచ్చువేసి ఉంది. మెకానిక్కు దారం తెస్తాడు. కంపెనీ అమ్మాయి నవ్వుతూ పత్తిగింజల పొట్లం ఇస్తుంది, నాటుకుంటే పండుతాయట. అన్నీ కలిపి కుడితే అట్టంత మందాన పరుపు తయారవుతుంది. కాళ్ల దగ్గర మొదలై మెడ దగ్గర ఆగిపోతుంది. అక్కడినుంచి ఉత్త తారు. కోర్టు గుమాస్తా తారు మీద సుద్దముక్కతో తలంత గుండ్రం గీసి, లేచి చేతులు దులుపుకుంటాడు.

నాంచారి వెళ్లి ఆ గుండ్రంలో కూర్చుని, ఒళ్లో కొంగు పరుస్తుంది.

"అమ్మా, అది ఆయన వాటా. లేవండి."

"ఆయన వాటాలో నేనుంటా. ఇన్నేళ్లూ నేనున్నది అక్కడేగా."

గుమాస్తా పుస్తకం తిరగేస్తాడు. భార్య కూర్చోరాదని ఎక్కడా లేదు. పుస్తకం మూసేస్తాడు.

అందరూ తలలెత్తి చూస్తారు. సూర్యుడు నడినెత్తిన ఉన్నాడు. పైన భావన్నారాయణ ఒక్కసారి ఊగుతాడు. ఆయన నుంచి ఏదో ఊడి, గిర్రున తిరుగుతూ కిందికి వస్తుంది. పరుపు మీద దబ్బున వెల్లకిలా పడుతుంది. తల మాత్రం నాంచారి ఒళ్లో పడుతుంది.

అది ఆయన నీడ.

గుమాస్తా వంగి, కాళ్లనుంచి మెడదాకా టేపుతో కొలుస్తాడు. కొలతలు సరిపోయాయి. మనిషి కింద పడినట్టే, తీర్పు అమలైనట్టే అని గట్టిగా చదువుతాడు. షోరూం ఓనరు గలేబు దులుపుకుంటాడు. ఎవరి దూది వాళ్లు, ఎవరి దారం వాళ్లు తీసుకుంటారు. పరుపు లేచిపోయాక నీడ ఒళ్లు తారు మీదికి జారుతుంది. తల మాత్రం నాంచారి ఒళ్లోనే ఉంది.

అది నిజమైన తలంత బరువుంది. వెనకవైపు చెయ్యి పెడితే వెచ్చగా, తడిగా తగులుతుంది.

"నాంచారీ," అని పైనుంచి పిలుస్తాడు భావన్నారాయణ. గొంతు చాలా దూరంనుంచి వస్తోంది. "పడ్డానా?"

"పడ్డావనే రాశారయ్యా."

"మరి నొప్పి లేదేందే?"

"అది నా దగ్గరుందిలే."

ఆమె క్యారేజీ విప్పి పెరుగన్నం కలుపుతుంది. ఈసారి ఉప్పు వేస్తుంది. చిన్న ముద్ద చేసి, ఒళ్లోని నీడకు నోరుండాల్సిన చోట పెడుతుంది. ముద్ద లోపలికి పోతుంది. పైన, కాకులకు అందనంత ఎత్తున, భావన్నారాయణ దవడ ఆడుతుంది.

"ఇప్పుడు సరిపోయింది," అంటాడు.

నాంచారి ఏడుస్తూ ఇంకో ముద్ద పెడుతుంది. ఆమె చుట్టూ మున్సిపాలిటీవాళ్లు తెల్లరంగుతో గీతలు వేసి, బళ్లన్నీ పక్కనుంచి పోయేట్టు ఏర్పాటు చేస్తున్నారు. నీడ ఒళ్లోకి వంగి తింటోంది.

పడమటినుంచి మబ్బొకటి వస్తుంది. బందెలదొడ్డి మీదుగా, పాలకేంద్రం మీదుగా, తొందరేమీ లేనట్టు నడిచొస్తోంది. దాని కిందికొచ్చిన వీధులు వరసగా మసకబారుతున్నాయి.

"అయ్యా, ఆ మబ్బు ఎవరిది?" అని అరుస్తుంది నాంచారి. "కాసేపు పక్కకు తోలండయ్యా. ఈయన అన్నం తింటున్నాడు."

షోరూం ఓనరు పైకి చూస్తాడు. మెకానిక్కు చూస్తాడు. కంపెనీ అమ్మాయి నవ్వుతూ చూస్తుంది. ఇంజనీరు జీపులోంచి తల బయటపెట్టి చూస్తాడు.

మాది కాదంటే మాది కాదంటారు.

నాంచారి గబగబా ముద్ద మీద ముద్ద పెడుతుంది. పైన ఆయన గబగబా నములుతాడు. ఒళ్లో తల అంచులనుంచి పలచబడుతోంది.