కదిపే ముందు ఆన్ చేసి చూపించాలి

మా రంగుల షాపులోని పాత కంప్యూటర్‌ను తుడుస్తున్నాను. కీబోర్డు సందుల్లో బావ తిని రాల్చిన బిస్కెట్ పొడి, దాని మీద ఒలికిన టీ, ఆ రెంటికీ అంటుకుని చచ్చిన చీమలు. వెనక గాలి పోయే జల్లెడలో రంగుపొడి ముద్దకట్టి, అందులోంచి బొద్దింక కాలొకటి బయటికి పొడుచుకొచ్చింది. ఇరవై ఏళ్ళుగా ఆ మనిషి దీని ముందే కూర్చుని తింటున్నాడు. ఒక్కరోజు గుడ్డ పెట్టి తుడిచిన పాపాన పోలేదు.

నేను తుడిచింది శుభ్రం మీద ప్రేమతో కాదు. ఆ రోజు షాపును రెండు వీధుల అవతలికి మారుస్తున్నాం. అక్క కళ్ళు ఆ డబ్బాలో ఉన్నాయి.

బట్టకు, నూలుకు రంగు వేయడం మా పని. రంగు కలిపేది అక్క. ఎవరైనా గుడ్డముక్క తెస్తే కిటికీ దగ్గర పట్టుకుని చూసి, ఏ పొడి ఎన్ని గ్రాములు పడాలో చెప్పేది. బావ టైపు చేసేవాడు. అలా నాలుగు వేల రంగులు చేరాయి. రెండేళ్ళ కిందట అక్క చూపు మసకబారింది. ఆపరేషన్ చేయించాక మనుషులను ఆనవాలు పడుతోంది గానీ రంగులు తెలియడం లేదు. అన్నీ టీ మరకల్లా ఉన్నాయంటుంది. ఇప్పుడు తెర మీది లెక్క చూసి నేను కలుపుతున్నాను. చేత్తో రాసిన పుస్తకాలు పోయిన వానల్లో నాని ముద్దయిపోయాయి. ఇంకో కాపీ తీద్దామంటే, ఫ్లాపీ పెట్టే చోట పొడి చేరి అది ఏనాడో మూలపడింది. అన్నీ ప్రింటు తీసి పెడదామని ఏడాది నుంచీ అనుకుంటూనే ఉన్నాను. అనుకోవడానికేం, నోటికి నొప్పా?

రంగుల లెక్కలన్నీ దాచుకున్న ఆ కాలం డిస్కుకు ఒక జబ్బుంది. లోపల పళ్ళెం తిరుగుతుంటే దాని మీద వెంట్రుకవాసి ఎత్తులో చదివే ముల్లు తేలుతుంది. స్విచ్ ఆపితే ముల్లు ఎక్కడుంటే అక్కడే వాలిపోతుంది. అలా ఉండగా కుదిపితే గీతలు పడి రాసిందంతా పోతుంది. అందుకే కదిపే ముందు 'పార్క్' అని కొట్టాలి. ముల్లు ఏమీ రాయని ఖాళీ చోటుకు పోయి కూర్చుంటుంది. అప్పుడు స్విచ్ ఆపి, ఇక ముట్టుకోకూడదు. మళ్ళీ ఆన్ చేస్తే ముల్లు మళ్ళీ రాతల మీదికి వచ్చేస్తుంది.

నేను పార్క్ కొట్టాను. స్విచ్ ఆపాను. వైర్లు చుట్టి పక్కన పెట్టాను.

"పడుకోబెట్టేశానక్కా," అన్నాను.

"ఇంక దాన్ని ఎవరూ లేపకండి," అంది అక్క.

బావ బిస్కెట్ నములుతూ తల ఊపాడు. విన్నాడనుకుని వెనక గదిలో పొడి డబ్బాలు సర్దడానికి వెళ్ళాను.

కొత్త షాపులో బల్ల వేసి ముందు దాన్నే పెట్టాను. స్విచ్ వేయగానే లోపల ఏదో గీరుకుంటున్నట్టు గరగరమంది. నా పళ్ళు జివ్వుమన్నాయి. డిస్కు చదవడం కుదరడం లేదన్న ముక్క తెర మీదికి వచ్చి అక్కడే ఆగిపోయింది. మూడుసార్లు వేశాను. మూడుసార్లూ అదే చప్పుడు.

బావ సామాన్లు మోసినవాళ్ళ మీద పడ్డాడు. "మీరే పడేశారు! నేను ఆన్ చేసి చూపించానా లేదా? బాగానే ఉందా లేదా?"

"చూపించారు సార్, బాగానే ఉంది," అన్నాడు ఇద్దరిలో పెద్దవాడు. "మేం పడెయ్యలేదు. మెట్ల దగ్గర గోడకి కాస్త తగిలిందంతే."

నాకు చెమట పట్టింది. "బావా, మీరు ఆన్ చేశారా?"

"చెయ్యనా మరి? వైర్లు విప్పి, పెట్టి, చూపించి, మళ్ళీ ఆపాను."

"పార్క్ చేశానని మీ ముందే చెప్పాను కదా!"

"చెప్పావు. అయితే? రూలు రూలే."

గడ్డం మీద బిస్కెట్ పొడితో, తప్పు పట్టడానికి వీల్లేని ఆ మొహం చూస్తే ఒళ్ళంతా రోత పుట్టింది. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే రకం. తిట్టడానికి నోరు తెరిచేలోగా జేబులోంచి మడతపెట్టిన అట్ట తీశాడు. పాత షాపు గోడ మీంచి పీకి తెచ్చాడు.

"రాసింది ఎవరమ్మా? నేనా?"

నేనే. పోయినసారి షాపు మారినప్పుడు మోసేవాళ్ళు గుడ్డలు పిండే మిషన్‌ను కింద పడేసి, అది ముందే చచ్చిందని బొంకారు. ఆ మంటలో లావు పెన్ను పట్టుకుని రాశాను. బావ చేత రోజూ చదివించాను కూడా. ఇరవై ఏళ్ళలో ఆయన నా మాట విన్నది ఆ ఒక్కటే.

"ఏముంది అందులో?" అంది అక్క. "చదువు."

"వద్దులే అక్కా."

"చదవవే."

చదివాను. "ఏ మిషన్‌నైనా సరే, కదిపే ముందు మోసేవాళ్ళకు ఆన్ చేసి చూపించాలి. మర్చిపోతే ఊరుకోను."

బావ ఎందుకో కీబోర్డు మీద మళ్ళీ రాలిన పొడిని చొక్కా అంచుతో తుడవడం మొదలుపెట్టాడు. ఇప్పుడు తుడుస్తున్నాడు! ఆయన మీద అసహ్యం పోలేదు గానీ, దానికంటే పెద్దది నా మీద పుట్టింది.

కాసేపటికి అక్క సంచిలో చెయ్యి పెట్టి గుడ్డముక్క తీసింది. ఎల్లుండికి వేసి ఇవ్వాల్సిన రంగు. పాత అలవాటున కిటికీ దగ్గరికి వెళ్ళింది, సగం దూరంలో ఆగి నా చేతిలో పెట్టింది.

"ఇందులో నీలం ఎంతుందో చూడు. అడుగున పసుపు ఉందా? ఎండలో ఒకలా, నీడలో ఒకలా ఉందా?"

వెలుగులో పట్టుకుని చూశాను. తిప్పి చూశాను. కళ్ళు చికిలించి చూశాను.

నాకు ఎరుపు ఒక్కటే కనిపించింది.