పోశెట్టి కొట్టిన దెబ్బ

నేను ఒక బల్లను. అదీ దెబ్బలు తినడానికే పుట్టిన బల్లను. జన్నారం అడవిలో టేకుచెట్టుగా ఉన్నన్నాళ్లూ పిట్టలు తప్ప నన్నెవరూ ముట్టుకోలేదు. తరవాత గొడ్డలి, రంపం, చిత్రిక అన్నీ చూశాను. నన్ను చేసిన సోమాచారి చివరి పాలిష్ పెట్టి, "పెద్దపెద్దోళ్లు కూసుంటరు నీ ముంగట. బుద్ధిగుండు" అని దీవించి శాసనసభకు పంపాడు.

తీరా వెళ్తే ఏముంది? అక్కడ చప్పట్లు కొట్టకూడదట, మెచ్చుకోవాలంటే బల్లే చరవాలట! నాయకుడు దగ్గినా దబదబ, తుమ్మినా దబదబ. పైగా ఒకరు మొదలుపెడితే వరసంతా అందుకోవాలి. ఎందుకు కొడుతున్నామని అడిగే ఆనవాయితీ లేదు.

అధికారపక్షం చివరి వరసలో నా ముందు గజ్జెల పోశెట్టి కూర్చునేవాడు. పాపం, గెలిచి వచ్చిన నాటినుంచీ ఆయనకు మైకు ఇచ్చిన పాపాన ఎవరూ పోలేదు. అరచెయ్యి మాత్రం రోకలిబండే! ఆ చేత్తో దెబ్బలు తిన్నదాన్ని, నాకు తెలుసు.

ఇక ఆ రోజు సంగతి వినండి. తలుచుకుంటే ఇప్పటికీ నా కాళ్లు నాలుగూ అదురుతాయి! ప్రభుత్వ ఖర్చుతో వైద్యం చేయించే ఆరోగ్య కార్డు ఇంకెవరికి ఇవ్వాలన్న బిల్లు మీద చర్చ. పైన సందర్శకుల గ్యాలరీలో పోశెట్టి ఊరి చిలుకవ్వ, ఆమె కూతురు మౌనిక కూర్చున్నారు. పిల్ల గుండెకు రంధ్రం. నాలుగు మెట్లెక్కితే పెదాలు నీలంగా మారి, ఆయాసంతో కూలబడిపోతుంది. ఆపరేషన్ చేయిస్తే బతుకుతుంది. కానీ తండ్రి కూరగాయలు మోసే ట్రాలీ బండి కొన్నాడు. దానికి నాలుగు చక్రాలున్నాయని, కారున్నవాళ్ల లెక్కలో వేసి వాళ్ల కార్డు తీసేశారు. విడ్డూరం కాకపోతే ఏమిటండీ!

ఎవరెప్పుడు మాట్లాడాలో చూసే పార్టీ విప్ దగ్గరికి వంగి పోశెట్టి బతిమాలాడు. "తమ్మీ, నాకు జెర మైకు ఇప్పియ్యి. ఆ పిల్ల కోసం మాట్లాడ్త అని తల్లికి మాటిచ్చిన. అగో, పైన కూసున్నరు."

"మాట్లాడుడు మంత్రిగారు చూసుకుంటరన్నా. నువ్వు బల్ల కొట్టు, చాలు" అన్నాడు విప్.

పోశెట్టి నా మీద మోచేతులు ఆనించి కూర్చున్నాడు. ఆయన చెమట నా మీద బొట్లుబొట్లుగా పడుతోంది. ఆరోగ్య మంత్రి లేచి, బండ్లున్నవాళ్లను కూడా చేరిస్తే ఖజానా తట్టుకోలేదన్నాడు. మావాళ్లు దబదబ కొట్టారు. పోశెట్టి మాత్రం చెయ్యి కదపలేదు. నాకు ఆశ్చర్యమేసింది.

ప్రతిపక్షం నుంచి తాటిపాముల నీలవేణి లేచింది. ఆమె పెట్టిన సవరణ మీదే రగడంతా. "అధ్యక్షా! ట్రాలీ నడుపుకునేటోడు షావుకారా? చక్రాలు చూసి పానం కాపాడ్తరా? వాళ్లకు గూడ కార్డు ఇయ్యాలె!"

పోశెట్టి తలెత్తి గ్యాలరీ వైపు చూశాడు. మరుక్షణం నా మీద పిడుగు పడింది. ధన్!

భోజనం చేసి వచ్చి కునుకు తీస్తున్న పక్క సభ్యుడు ఉలిక్కిపడి తన బల్ల కొట్టాడు. ఆ చప్పుడు విని ముందు వరస, దాన్ని విని ఆ ముందు వరస! ప్రతిపక్షం ఊరుకుంటుందా? వాళ్లూ అందుకున్నారు. అబ్బబ్బ, సభ దద్దరిల్లిపోయింది! మంత్రి తెల్లబోయి ముఖ్యమంత్రి వైపు చూశాడు. మంత్రే ముందుగా అందరికీ చెప్పి ఉంటాడనుకుని ముఖ్యమంత్రి తలాడించాడు. పెద్దాయన సరేనన్నాడనుకున్నాడు మంత్రి.

"సభ్యుల మనోభావాన్ని గౌరవించి, సవరణను ప్రభుత్వం అంగీకరిస్తోంది, అధ్యక్షా!"

అయిపోయింది! ఓటింగు కూడా అదే ఊపులో గడిచిపోయింది. పైన చిలుకవ్వ కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తోంది. విప్ పరుగెత్తుకొచ్చాడు. "ఏం జేసినవన్నా!"

"నువ్వే గద తమ్మీ, బల్ల కొట్టుమన్నవు!" అన్నాడు పోశెట్టి అమాయకంగా.

అలవాటులో పొరపాటని అందరూ సరిపెట్టుకున్నారు. కానీ నాకు తెలియదా? ఆ దెబ్బకు నా పలక చివరిదాకా చీలింది. అలవాటు దెబ్బకు టేకు చీలదండీ.

తరవాతి ఎన్నికల్లో పోశెట్టికి టికెట్ రాలేదు. నన్నూ గోదాములో పడేశారు. సభలో ఇప్పుడు మెత్తటి పలకల బల్లలట, కొట్టినా చప్పుడు రాదట.

మొన్నొక రోజు గోదాము తలుపు తెరుచుకుంది. జుట్టు నెరిసిన పోశెట్టి, వెనకాల ఏపుగా ఎదిగిన మౌనిక. మెట్లన్నీ ఎక్కి వచ్చింది.

"ఇదేనే బిడ్డా" అంటూ ఆయన నా చీలిక మీద చెయ్యి పెట్టాడు.

"గిదేనా తాతా? నేనొక్కసారి కొట్టనా?"

రెండు చేతులతో బాదడం మొదలుపెట్టింది, దబదబా, దబదబా! దుమ్ము లేచింది. పోశెట్టి నవ్వుతూ నవ్వుతూ కళ్లు తుడుచుకున్నాడు. ఎంతసేపటికీ పిల్ల ఆపలేదు. ఆయాసం రాలేదు మరి.