చలపతిరావు గారి ఊపిరి

పొద్దున్నే సుబ్బాయమ్మ వాకిలి ఊడ్చి పొయ్యి మీద పాలు పెట్టేసరికి, భర్త చలపతిరావు గారి ఊపిరి పెరట్లోంచి వచ్చి ఆవిడ పక్కన చేరేది. ఆయన పోయి రెండేళ్లయింది. ఊపిరి మాత్రం పోలేదు. కొల్లేరు గాలి ఎటు వీచినా అది తన దారిన తాను మెల్లగా వస్తూ పోతూ ఉండేది. చుట్టాలొస్తే మంచం మీద దానికి కాస్త చోటొదిలి కూర్చునేవాళ్లు. చేపల చెరువు సంగతులూ, కోడలు గాయత్రి కడుపు సంగతులూ సుబ్బాయమ్మ దానికే చెప్పుకునేది.

ఆ రోజు పాలు పొంగకముందే కొడుకు పృథ్వీ ఏలూరు ఆసుపత్రి నుంచి ఫోన్ చేశాడు.

"అమ్మా, ఆడపిల్ల. ఏడవలేదమ్మా. నీలంగా అయిపోయింది."

ఆవిడ పొయ్యి కట్టేసి, "ఏవండీ, పదండి" అంది. భీమడోలులో బస్సెక్కితే కండక్టరు ఇద్దరికీ సీటు ఖాళీ చేయించాడు.

సర్జన్ హేమంత్‌కుమార్ ఎక్స్‌రేని వెలుతురుకి పట్టుకుని చూపించాడు.

"పొట్టకీ ఛాతీకీ మధ్య కండరం తెరలా ఉంటుందండి. పాపకి ఎడంపక్క అది మూసుకోలేదు. ఈ ఉంగరాల్లా ఉన్నవి పేగులు. ఆ చిల్లులోంచి పైకెక్కి గుండెని కుడివైపుకి నెట్టేశాయి. ఊపిరితిత్తి పెరగడానికి చోటే లేకపోయింది."

"కోసి కిందికి దింపెయ్యండి బాబూ!" అంది సుబ్బాయమ్మ.

"దింపి, చిల్లు కుట్టేస్తామండి. ముందు ఆక్సిజన్ నిలబడాలి. ఇప్పుడు ఆపరేషన్ చేస్తే తట్టుకోలేదు."

పిల్లల వార్డు గుమ్మంలో సిస్టర్ బ్లెస్సీ ఆపింది. "ఒక్కరికే పర్మిషన్ అమ్మా. మీతో ఉన్నదెవరు?"

"మావారి ఊపిరమ్మా."

"సరే, చేతులు కడుక్కుని రండి. ఆయన్ని గొట్టాలకి తగలొద్దనండి."

పాప గుప్పెడంత ఉంది. పొట్ట లోపలికి అతుక్కుపోయింది. నోట్లో గొట్టం. మిషన్ మీద ఆక్సిజన్ అంకె దిగుతోంది. బ్లెస్సీ ఏదో తిప్పితే కాస్త లేచి మళ్లీ దిగుతోంది.

ఏం చెయ్యాలో సుబ్బాయమ్మకి ఎక్స్‌రే చూసినప్పుడే తెలుసు. చెప్పడానికే నోరు రాలేదు. ఆయన పాపలోకి వెళ్లిపోతే రేపట్నించి ఎవరితో మాట్లాడుతుంది? ఊపిరి కూడా ఆవిడ చెవి వెనకే నక్కింది.

మిషన్ కీచుమంది. అద్దం అవతల చక్రాల కుర్చీలో గాయత్రి లేవబోయి పడిపోబోయింది. పృథ్వీ పట్టుకున్నాడు.

"ఏవండీ," అంది సుబ్బాయమ్మ. "నేనెలాగో ఉంటాను. పిల్ల ఉండలేదు. వెళ్లండి."

ఊపిరి ఆవిడ మెడ చుట్టూ వెచ్చగా ఒకసారి తిరిగింది. ఆ తర్వాత ఆవిడ చుట్టూ ఏ కదలికా లేదు. గొట్టం లోపల సన్నగా ఆవిరి పట్టింది. దిగుతున్న అంకె ఆగింది. ఆగి, నెమ్మదిగా పైకి లేచింది.

మర్నాడూ దిగలేదు. ఆ మర్నాడు పాపని థియేటర్‌లోకి తీసుకెళ్లారు. తలుపు తెరుచుకునేదాకా సుబ్బాయమ్మ బెంచీ మీంచి కదల్లేదు, పక్కన ఊపిరికని చోటూ వదల్లేదు.

"పేగులన్నీ వాటి చోటికి దింపాం. తెర కుట్టేశాం," అన్నాడు హేమంత్‌కుమార్ మాస్కు తీస్తూ. "ఊపిరితిత్తి చిన్నదే. పెరుగుతుంది."

కొన్నాళ్లకి గొట్టం తీసి పాపని గాయత్రి ఒళ్లో పెట్టారు. పాప ఏడ్చి ఏడ్చి నిద్రపోయింది. సుబ్బాయమ్మ వంగి ఆ ముక్కు దగ్గర చెంప పెట్టింది. సన్నగా, వెచ్చగా, వస్తూ పోతూ ఉంది.

"ఏవండీ" అని పిలుద్దామనే నోరు తెరిచింది.

"తల్లీ" అని వచ్చింది.