తడి చెయ్యి పెట్టకండి

నేను ఒక జాడీని. ఇప్పుడు ఇంటికొచ్చినవాళ్లంతా నన్ను కంప్యూటరు జాడీ అంటున్నారు గానీ, పుట్టుకతో ఆవకాయ జాడీనే. పై సగం బెల్లప్పాకం రంగు, కింది సగం మీగడ రంగు. బట్టీలో కాలాకే నాకు తెలివొచ్చింది. ఎంత కాలినా తెలివి రాని మనుషులను తరవాత చాలామందిని చూశాను లెండి.

మా అలివేలమ్మకు నేను తల్లి ఇచ్చిన జాడీని. రాజమండ్రిలో కాపురం పెట్టిన నాటి నుంచి ఏటా వేసవిలో నా కడుపు నిండా ఆవకాయ. ముక్క మీద నూనె తేలాలి, మూతికి వాసెన గుడ్డ కట్టాలి, తడి చెయ్యి తగలకూడదు. ఆ ఇంట్లో దేవుడి గదికైనా ఇంత మడి లేదు.

అలివేలమ్మ కాలేజీలో తెలుగు పాఠాలు చెప్పి రిటైరయింది. ఊళ్లో చూపులేని ఆడపిల్లల హాస్టలు ఒకటి ఉంది. వాళ్ల డిగ్రీ పాఠాలు చదివి, కంప్యూటర్లో రికార్డు చేసి పంపేది. ఆ కంప్యూటరు పాతది. ఎండ ముదిరేసరికి దాని ఫ్యాను రొద మొదలుపెట్టేది. హాస్టలు నుంచి సుహాసిని అనే పిల్ల ఫోన్ చేసింది.

"మేడమ్, పాఠం బావుందండి. మీ ఇంటి పక్కన పిండిమర గానీ ఉందాండి?"

అలివేలమ్మ నవ్వింది గానీ ఆ పూట అన్నం సరిగ్గా తినలేదు. ఎందుకంటే ఆమె మెడలో గడ్డ ఉంది. ఆపరేషన్ చేయాలన్నారు, చేశాక గొంతు మారిపోవచ్చనీ చెప్పారు. ఈ గొంతు ఉండగానే పాఠాలన్నీ పూర్తిచేయాలని ఆమె ఆరాటం.

ఇక రంగంలోకి దిగాడు మొగుడు గవర్రాజు. ట్రాన్స్‌ఫార్మర్లు బాగుచేసే షెడ్డులో ఉద్యోగం చేసి దిగిపోయినవాడు. ముందు కంప్యూటరుకు బొంత కప్పాడు. రొద తగ్గింది, కాసేపటికి కంప్యూటరే ఆగిపోయింది. తరవాత దాని ముందు వట్టివేళ్ల తడిక కట్టి నీళ్లు చల్లాడు. గదంతా ఘుమఘుమ, రొద మాత్రం ఎక్కడికీ పోలేదు.

ఒకరోజు భోజనం దగ్గర ఉన్నట్టుండి కేక పెట్టాడు. "ఓసి పిచ్చిదానా! ట్రాన్స్‌ఫార్మర్ చల్లగా ఎలా ఉంటాదనుకున్నావు? నూనెలో కూర్చుంటాది! కంప్యూటర్నీ కూర్చోబెట్టేద్దాం!"

"దేంట్లో కూర్చోబెడతారు?"

ఆయన తల తిప్పాడు. నా వైపు చూశాడు.

అలివేలమ్మ లేచి వచ్చి నన్ను తడిమింది. "మా అమ్మ జాడీ అండీ ఇది," అంది. తనే ఆవకాయను గాజు సీసాల్లోకి తీసేసింది. "ఊరగాయ మళ్లీ పెట్టుకోవచ్చు. గొంతు మళ్లీ పెట్టుకోలేను కదా. కానివ్వండి." నాకు ఏడుపొచ్చింది. జాడీలు ఏడవవు కాబట్టి ఊరుకున్నాను.

గవర్రాజు కంప్యూటరు లోపలి బోర్డును ఫ్యాను పీకేసి నాలో నిలువుగా దించాడు. తక్కినవన్నీ బయటే బల్ల మీద పెట్టాడు. "పప్పునూనె వద్దండీ, వేడికి కంపు కొడుతుంది," అని ఆమె చెబుతూనే ఉంది. వింటేగా! వారం తిరక్కుండా ఇల్లంతా కంపు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు అప్పుడు మందుల షాపుకు పరిగెత్తి, వాసన లేని పారాఫిన్ నూనె డబ్బాలు తెచ్చి, నన్నూ బోర్డునూ శుభ్రంగా తుడిచి పోశాడు. అలివేలమ్మ అలవాటుగా నూనె తేలిందో లేదో చూసి, వైర్ల చుట్టూ వాసెన కట్టింది.

ఇల్లు నిశ్శబ్దమైపోయింది. ఆ నిశ్శబ్దంలో ఆమె చదువుతుంటే నేను వెచ్చగా కూర్చుని వినేదాన్ని. ఎంత మంచి గొంతు! అన్నేళ్లు వంటింట్లో నాకు తిట్లే వినబడ్డాయి గానీ పాఠం ఎప్పుడు విన్నాను? ఒక్కసారే పాఠం మధ్యలో గోల జరిగింది. గవర్రాజు చేతులు కడుక్కుని నేరుగా వచ్చి నా వాసెన విప్పబోయాడు. "ఏవండీ, తడి చెయ్యి! జాడీలో పెట్టకండి!" అని ఆమె అరిచింది. రికార్డులోంచి ఆ ముక్క తీసేయాలనుకుని మరిచిపోయింది. పాఠాలన్నీ పూర్తిచేసే ఆసుపత్రికి వెళ్లింది.

ప్రాణానికి ఏమీ కాలేదు. గొంతే పోయింది. మాట బొంగురుగా, సగం గాలిగా వచ్చేది. ఫోన్ మోగితే ఎత్తేది కాదు. "ఇది నేను కాదండీ, పిల్లలు పోల్చుకోలేరు," అని మొగుడితో అనేది. నా ముందు బల్ల మీద మైకుకు గుడ్డ కప్పేసింది.

పరీక్షలు పాసయ్యాక సుహాసిని స్వీట్లు పట్టుకుని ఇంటికే వచ్చేసింది. అలివేలమ్మ లోపలి గదిలోకి తప్పుకుంది. "మేడమ్ పడుకున్నారమ్మా," అని గవర్రాజు అబద్ధమాడి, పిల్లకు పూతరేకు పెట్టాడు. ఆ పిల్ల తిని చెయ్యి కడుక్కుని వచ్చింది. "కంప్యూటరు జాడీలో ఉందని మేడమ్ అప్పట్లో ఫోన్లో అన్నారండి. ఓసారి ముట్టుకోవచ్చాండి?" అంటూ నన్ను తడిమి, వాసెన మీదికి వేళ్లు జరిపింది. వేళ్ల నుంచి నీళ్లు కారుతున్నాయి.

"తడి చెయ్యి! జాడీలో పెట్టకు!" లోపలి గదిలోంచి బొంగురు కేక.

పిల్ల చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. తరవాత పకపకా నవ్వింది. "మీరేనండి మేడమ్! మా హాస్టల్లో ఎవరు ఎక్కడ తప్పుచేసినా ఇదే మాటండి. తడి చెయ్యి పెట్టకండి అంటామండి!"

అలివేలమ్మ గుమ్మంలోకి వచ్చింది. కళ్లు తుడుచుకుంటోంది. "గొంతు ఇలా అయిపోయింది కదమ్మా, ఎలా పోల్చావు?"

"గొంతు మారిందండి. తిట్టు మారలేదు కదండి."

ఈ ఏడు ఆవకాయకు కొత్త జాడీ వచ్చింది. వంటింట్లో నా చోటులోనే కూర్చుంది. అసూయ లేదంటే అబద్ధం. పారాఫిన్ పట్టిన నాలో ఇక ఎవరూ ఊరగాయ పెట్టరు. పోనివ్వండి. నిన్న పొద్దున అలివేలమ్మ పొడిగుడ్డతో చేతులు తుడుచుకుని, నా వాసెన బిగించి కట్టి, మైకు మీది గుడ్డ తీసింది. బొంగురు గొంతుతోనే పిల్లలకు నమస్కారం చెప్పి, కొత్త పాఠం మొదలుపెట్టింది.